ఆదివారం గిన్నెలు

మాకు ఇంటిపేరు లేదు.
తండ్రి పేరు చివర కొడుకనో కూతురనో తగిలించుకుని
తరానికోసారి పేరు మార్చుకునే దేశం మాది.
అందుకే బ్యానర్ మీద ఏం రాయాలో తేలక
మూడు వారాలు ఫోన్లలో కొట్టుకున్నాం.
హాల్‌బేరా పిన్ని తేల్చేసింది:
"ఏం రాసినా ఈ గాలికి నిలవదు.
రాయకండి."

జులైలో బడి ఖాళీ.
పిల్లల కుర్చీల్లో కూర్చుంటే
పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డాలకు తగులుతాయి.
అయినా వంటగది విశాలం, అద్దె తక్కువ,
వేణ్ణీళ్ళు భూమే కాచి ఇస్తుంది.
నూట అరవై మూడు మంది.
ముప్పై ఒక్క గుడారాలు.
గొర్రెమాంసం నలభై కిలోలు.
బంగాళాదుంపల దగ్గర లెక్క తప్పాను,
రెండు బస్తాలు ఎక్కువ.

రేక్యవిక్ వాళ్ళు డబ్బు ఆఖరి రోజున పంపుతారు.
ఎల్ద్‌యార్న్ ఐదుగురికి కట్టి
ఎనిమిదిమందితో దిగుతాడు.
సోల్‌వేగ్ మాంసం మానేసిన సంగతి
పులుసు మరుగుతుండగా చెబుతుంది.
అన్నీ తెలిసే ఒప్పుకున్నాను.
మా అమ్మ చేసింది, అంతకుముందు వాళ్ళన్న చేశాడు.
పెద్దరికం అంటే మా ఇంట్లో
ఒక అట్టపెట్టె, అందులో ఎండిపోయిన పెన్నులు.

ముత్తాతకూ ముత్తవ్వకూ పిల్లలు ఏడుగురు.
ఏడుగురికి ఏడు రిబ్బన్లు.
మెడలో పచ్చది ఉంటే స్టేన్‌వోర్ సంతానం,
ఎర్రది, పడవతో పాటు మునిగినవాడిది,
నీలం మాది.
పెళ్ళై వచ్చినవాళ్ళకు కొసన చిన్న ముడి.
పేరు మర్చిపోయినా
రంగు చూసి కావలించుకోవచ్చు.

శుక్రవారం రాత్రి,
రాత్రి అని మేం అనుకోవడమే,
సూర్యుడు కొండ వెనక కాసేపు నడుము వాల్చి లేచే రోజులు,
ఒక ముసలాయన పాత జీపు దిగాడు.
చేతిలో ఎండుచేపల సంచి.
"ఏ రంగు?" అన్నాను తల ఎత్తకుండానే.
"అదే తెలీదమ్మా."

జేబులోంచి చర్చి పుస్తకం నకలు తీశాడు.
గుద్‌ఫిన్నుర్, వయసు నాలుగు.
ఆవు చచ్చిన ఏడు
కొండ అవతలి ఇంటికి అప్పగించడమైనది.
"మా నాన్న," అన్నాడు.
"బతికినన్నాళ్ళూ
ఇటువైపు కిటికీకి తెర తియ్యనిచ్చేవాడు కాదు."

అమ్మ ఎప్పుడూ ఏడుగురనే చెప్పింది.
తెలిసి చెప్పిందో, తెలియకో.
ఆ పెట్టెలో అడుగుదాకా వెతికినా
ఎనిమిదో పేరు లేదు.

హాల్లో మాటలు సన్నబడ్డాయి.
ఎవరో కాఫీ పోశారు, కప్పు కింద సాసర్ పెట్టి మరీ.
ఎవరో టీచరుగారి కుర్చీ తెచ్చారు.
ఆయన అంచున కూర్చున్నాడు,
ఇప్పుడే లేచి పోయేవాడిలా.
మర్యాద మరీ ఎక్కువైతే
మనిషి చుట్టంగానే మిగిలిపోతాడు.

దుకాణం ఆరింటికే మూసేశారు.
పెట్టెలో ఇంకో రంగు లేదు.
దుంపల బస్తా మూతికి కట్టిన
జనపనార తాడు ఉంది.
మూరెడు కోసి, అట్టముక్క కట్టి,
"పేరు?" అన్నాను.
"ఇంగిమార్. ఇంగిమార్ గుద్‌ఫిన్‌సన్."
రాస్తూ చూశాను,
వందేళ్ళుగా మేం లెక్కపెట్టని పిల్లాడు
పేరు చివర నిలబడి ఉన్నాడు.

తాడు ఆయన మెడలో వేసి
గోడ మీది పనుల కాగితం దగ్గరికి నడిచాను.
ఆదివారం, గిన్నెలు, పదింటికి.
ఎల్ద్‌యార్న్ పేరు కింద ఆయన పేరు రాశాను.

కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి చదివాడు.
మళ్ళీ చదివాడు.
"పదికా, పదిన్నరకా?"
"పదికి. ఆలస్యమైతే ఊరుకోను."

టీచరుగారి కుర్చీ గోడవారకు జరిపి
పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని
దుంపలు చెక్కేవాళ్ళ మధ్య చతికిలబడ్డాడు.
మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.
ఎవరో కత్తి అందించారు.